అన్నం గిన్నె మీద గీసిన పేరు

భూతద్దం కింద ఆ గీత తళుక్కుమంది.

లాంధోని తన కళ్ళను తానే నమ్మలేదు. అద్దాన్ని కండువా అంచుతో తుడిచి, గిన్నెను వసారా చివర ఎండ నేరుగా పడే చోటికి తెచ్చి మళ్ళీ చూసింది. మళ్ళీ అదే మెరుపు.

అది రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడి దాకా వచ్చిన జపాన్ సిపాయిలు అన్నం వండుకునే అల్యూమినియం గిన్నె. చిక్కుడు గింజలా ఒక పక్కకి వంగి ఉంటుంది, నడుముకి ఆనించి కట్టుకోవడానికి. ఇంఫాల్ చుట్టూ కొండల్లో ఇప్పటికీ దొరుకుతూనే ఉంటాయి. గిన్నె అసలైనదే, అందులో అనుమానం లేదు. డెబ్బై ఏళ్ళకు పైగా మట్టిలో ఉండి ఒళ్ళంతా తెల్లటి పొక్కులు పోసింది. కానీ దాని పొట్ట మీద గీసి ఉన్న పేరు వేరే కథ చెబుతోంది. పాత గీత అయితే పొక్కు ఆ గీతలోకి కూడా పాకాలి, మట్టి దాని అడుగున గట్టిపడి ఉండాలి. ఈ గీతలు పొక్కుల్ని అడ్డంగా కోసుకుంటూ పోయాయి. గీత అడుగున లోహం నిన్న కొన్న చెంచాలా మెరుస్తోంది. ఎవరో ఈ మధ్యనే మేకు మొనతో చెక్కారు.

ఆ పేరు హయాసె తోకుజో. ఆయన కూతురు ఫుమియె ఆ పొద్దున్నే ఇంఫాల్‌లో దిగింది. హోటల్లో ఉంది. మర్నాడు తండ్రి ఎముకలు తీసుకుని వెళ్ళడానికి వచ్చింది.

లాంధోని కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. యుద్ధం సామాన్ల పిచ్చి ఆమెది కాదు, మరిది టోంచౌది. టోంచౌకి మోటారు సైకిళ్ళ షెడ్డు ఉంది. ఆదివారం వస్తే చాలు, షెడ్డు మూసి, స్నేహితులతో కలిసి మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని కొండెక్కుతాడు. హెల్మెట్లు, బకిల్సు, సీసాలు, తూటాల గుల్లలు మోసుకొస్తాడు. పేలేవి ఉంటే పోలీసులకి చెబుతాడు, మిగతావి వదిన వసారాలో గుట్ట పోస్తాడు. బజారులో ఉప్పునీళ్ళలో నానబెట్టి తుప్పు పట్టించిన హెల్మెట్లు కూడా అమ్ముతున్నారని తెలిశాక, ఏది అసలో ఏది నకిలీయో తేల్చే పని ఆమె మీద పడింది. లాంధోని ఒప్పుకుంటేనే అది యుద్ధం నాటిది, లేకపోతే పాత సామాను. ఆ బృందంలో అందరికీ అదే లెక్క.

ఈ గిన్నె దొరికినప్పుడు ఆమె కూతురి పురిటికి గౌహతిలో ఉంది. టోంచౌ పేరున్న వైపు ఫొటో తీసి ఆమె ఫోనుకి పంపాడు. ఒళ్ళో మనవడు ఏడుస్తుంటే ఒక చేత్తో జోకొడుతూ, రెండో చేత్తో ఫోను చూసి, ‘అసలైనదే, కబురు చెయ్యండి’ అని జవాబిచ్చింది. ఆ మూడు మాటలు నమ్ముకునే ఒక ముసలావిడ సముద్రం దాటి వచ్చింది.

గేటు చప్పుడైంది. టోంచౌ ఎముకలకని చేయించిన కొత్త చెక్కపెట్టె భుజం మీద పెట్టుకుని లోపలికి వచ్చాడు.

“వదినా, ఒక గ్లాసు లాల్ చా ఉందా? గొంతు ఎండిపోయింది. ఈ పెట్టె చూడు, ఎంత నున్నగా చిత్రిక పట్టించానో! నీ పెళ్ళికి మా చిన్నన్న కొన్న మంచం కూడా ఇంత నున్నగా లేదు, నువ్వే అన్నావుగా వీపంతా గీరుకుపోయిందని.”

మామూలుగా అయితే లాంధోని తిరిగి ఏదో ఒకటి అనేది. ఇవాళ మాత్రం గిన్నె అతని ముందుకు జరిపింది.

“ఈ పేరు ఎవరు గీశారు టోంచౌ?”

“ఎవరు గీస్తారు? ఆ సిపాయే గీసుకుని ఉంటాడు.”

“అద్దం తీసుకో. నువ్వే చూడు.”

అతను అద్దం ముట్టుకోలేదు. పెట్టె దించి, తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. అలా తుడుచుకుంటూనే ఉన్నాడు.

“నువ్వేనా?”

“అంత దగ్గరగా చూస్తావనుకోలేదు వదినా.”

లాంధోని పక్కనున్న వెదురు మోడా మీద కూలబడింది. ఆ మాట వినడానికి సిద్ధంగా ఉన్నాననే అనుకుంది.

“ఎందుకు చేశావు?”

“వాళ్ళ నాన్నని వెతికిపెట్టమని ఆమె ఫోన్లో ఏడ్చింది వదినా. ఆమె మేనల్లుడు ఇంగ్లీషులో చెబుతున్నాడు, వెనకాల ఈమె ఏడుపు వినిపిస్తోంది. వాళ్ళ నాన్న దళం హైనౌ కొండ దగ్గరే పోయిందని కాగితాల్లో ఉందట. నాకు హైనౌలోనే ఎముకలు దొరికాయి, గిన్నె దొరికింది. పేరు ఒక్కటే లేదు. ఆయన కాదని మాత్రం ఎవరు చెప్పగలరు? ఆ ఒక్కటీ నేను పెట్టాను.”

“పేరు పెట్టడానికి నువ్వెవరివి?”

“అమ్మని నువ్వు చూడలేదా?” టోంచౌ గొంతు హఠాత్తుగా పెరిగింది. “ఆ గొడవల రోజుల్లో పెద్దన్న కూరగాయలకని వెళ్ళి రాలేదు. ఎవరెత్తుకెళ్ళారో, ఎక్కడ పూడ్చారో ఇవాళ్టికీ తెలీదు. రోజూ సాయంత్రం పళ్ళెంలో అన్నం పెట్టుకుని గేటు దగ్గర కూర్చునేది. నువ్వే కదా చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చేదానివి. పోయే రోజు కూడా గేటు వేశారా అని అడిగింది, వెయ్యొద్దంది. ఒక్క ఎముక ఎవరైనా తెచ్చి ఇదిగో నీ కొడుకు అంటే ఆమె హాయిగా పోయేది. ఎవరో ఒక్క ఆడమనిషికైనా అలా జరగాలనిపించింది. అంతే.”

అత్తగారి చేయి బరువు ఇంకా లాంధోని చేతికి తెలుస్తూనే ఉంది. కోపం, జాలి ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

“ఎముకలైనా జపాన్ మనిషివేనా?” అని అడిగింది.

“ఒట్టు వదినా. గిన్నె ఆ పుర్రె మీదే బోర్లించి ఉంది, టోపీ పెట్టినట్టు. ఇబేమ్‌హల్ అవ్వ ఆవచేను మూలలో. అవ్వే పక్కన నిలబడి, పాపం తీసుకుపోయి వాళ్ళవాళ్ళకి ఇవ్వండి అంది.”

ఎముకలు గదిలో మూటగట్టి ఉన్నాయి. కొన్ని ఇంకా మట్టిగడ్డల్లోనే ఉన్నాయి. లాంధోని చేతి డిటెక్టర్ తీసుకుని గడ్డలన్నిటి మీదా మెల్లగా తిప్పింది. బొత్తాములో, బూటు మేకులో ఏవైనా దొరికితే కనీసం సిపాయి అన్న మాటైనా నిలబడుతుందని ఆమె ఆశ. ఒక గడ్డ దగ్గర అది కీచుమంది.

తడిపి, వెదురుపుల్లతో మట్టి గీకింది. ముందు రెండు సన్నటి ముంజేతి ఎముకలు బయటపడ్డాయి. వాటి చుట్టూ పచ్చగా చిలుము పట్టిన కంచుగాజు ఉంది. రెండు కొసలకీ తామర మొగ్గలు, ఒక మొగ్గ కాస్త పక్కకి ఒరిగి ఉంది. అందులోంచి లాంధోని చెయ్యే దూరదు. అంత చిన్నది.

టోంచౌ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

“ఇది... ఇది ఆడపిల్ల వదినా.”

“ఆడపిల్లే.”

“రేపు నేను... ఈ పిల్లని జపాన్ పంపించేవాణ్ణి.”

అరగంటలో ఇద్దరూ స్కూటర్ మీద కొండ కింద హైనౌ ఊరికి వెళ్ళారు. ఇబేమ్‌హల్ అవ్వ వాకిట్లో చాప మీద చేపలు ఎండబెడుతోంది. ఎనభై అయిదు దాటిన మనిషి. నుదుట చందనం, వంగిన నడుం. మాట మాత్రం ఇంకా గట్టిగానే ఉంది.

“ఏరా ఇనప సామాన్లోడా, మళ్ళీ వచ్చావు? ఈసారి నా పొయ్యి కింద తవ్వుతావా ఏంటి?”

లాంధోని చెంగు విప్పి గాజును ఆమె ముందు పెట్టింది.

“అవ్వా, నీ చేలో దొరికిన ఎముకల మధ్య ఇది ఉంది. ఇలాంటిది ఎప్పుడైనా చూశావా?”

అవ్వ గాజు వైపు చూసింది. కాకిని తోలుతున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తర్వాత ఆ చేతినే మెల్లగా దించి, రవిక చెయ్యి పైకి లాక్కుంది. ముడతలు పడ్డ మణికట్టు మీద ఒక కంచుగాజు. అరిగి అరిగి తీగలా సన్నబడింది. దాని రెండు కొసలకీ తామర మొగ్గలు. ఒక మొగ్గ పక్కకి ఒరిగి ఉంది.

లాంధోని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. చూడాల్సిన పని లేదు, అయినా అలవాటుకొద్దీ చూసింది. ఒకే అచ్చులో పోసిన జత అది. మొగ్గ ఒరిగిన తీరు, మెడ దగ్గర చిన్న పగులు, రెండింటికీ ఒకటే. ఇన్నేళ్ళుగా ఎన్నో సామాన్లకి అసలైనదే అని చెప్పింది. ఆ మాట ఇప్పుడు నోట్లోంచి రాలేదు.

“మా అమ్మమ్మది,” అంది అవ్వ. “నాకొకటి, మా అక్క అంగౌబికి ఒకటి.”

“అక్కకి ఏమయింది?”

“జపాన్ యుద్ధంలో విమానాలొచ్చినప్పుడు అందరం ఏరు దాటి పరిగెత్తాం. ఆవుని కట్టేసి వచ్చామని సగం దారిలో గుర్తొచ్చి అక్క వెనక్కి తిరిగింది. విప్పేసి వస్తానంది. మళ్ళీ రాలేదు. మేం తిరిగొచ్చేసరికి ఆవు ఉంది, విప్పేసే ఉంది. అక్క లేదు.” అవ్వ ఊపిరి తీసుకుంది. “జపాన్ సిపాయిలతో నవ్వుతూ పోతుంటే చూశామన్నారు ఊళ్ళోవాళ్ళు. కళ్ళతో చూశామన్నారు. శవం దొరకనివాళ్ళకి చేసినట్టు మోదుగ కర్రల బొమ్మ చేసి మా నాన్న దహనం కూడా చెయ్యనివ్వలేదు, బతికున్నదానికి కర్మ ఏంటని. ఆ పేరు ఇంట్లో పలకొద్దన్నాడు. అమ్మ పోయింది, నాన్న పోయాడు. నా పెళ్ళి రెండుసార్లు తప్పిపోయింది, దాని చెల్లెల్ననే.”

ఆమె లేచి, కర్ర కూడా తీసుకోకుండా, ఆవచేను మూల వరకు నడిచింది. ఇంట్లోంచి పిలిస్తే వినబడేంత దూరం. తవ్వి పూడ్చిన మట్టి ఇంకా కొత్తగానే ఉంది.

“ఇక్కడా? ఇక్కడే ఉందా? ఏటా నేనే దున్నించాను కదమ్మా దీన్ని. ఇక్కడి ఆవాకే వండుకు తిన్నాను.”

ఉన్నట్టుండి టోంచౌ వైపు తిరిగింది. ఆమె కళ్ళు చూసి అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

“జపాన్ వాళ్ళతో పోయిందని ఊరంతా అన్నారురా. డెబ్బై ఏళ్ళు విన్నాను. నిజంగానే పంపించేద్దామనుకున్నారా మీరు?”

అతను అక్కడే మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు.

హోటల్‌కి వెళ్ళేసరికి సాయంకాలమైంది. నేను చెబుతానని లాంధోని అంటే టోంచౌ ఒప్పుకోలేదు. ఫుమియె చిన్న మనిషి, తెల్లటి పొట్టి జుట్టు. రెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తండ్రి యుద్ధానికి వెళ్ళాడు. గది బల్ల మీద ఆయన ఫొటో నిలబెట్టి, ముందు కప్పులో అన్నం పెట్టి ఉంది. పక్కనే ఒక చిన్న పొట్లం. అందులో అమ్మ సమాధి మట్టి ఉందని, తండ్రి ఎముకలతో కలపడానికి తెచ్చిందని మేనల్లుడు కెన్‌సుకె చెప్పాడు. ఆమె లేచి, నడుం పూర్తిగా వంచి ఇద్దరికీ నమస్కరించింది. లాంధోనికి అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది.

టోంచౌ చెప్పాడు. పేరు తానే గీశానని, ఎముకలు ఈ ఊరి ఆడపిల్లవని. కెన్‌సుకె రెండు మాటలు అనువదించి ఆగిపోయాడు, తాను తప్పు విన్నాననుకుని మళ్ళీ అడిగాడు. టోంచౌ మళ్ళీ చెప్పాడు. ఈసారి కెన్‌సుకె చాలా మెల్లగా, నేల చూస్తూ అనువదించాడు.

ఫుమియె ఏడవలేదు. తండ్రి ఫొటోని బల్ల మీద బోర్లించింది, ఆయన ఈ మాట వినకూడదన్నట్టు. ఆ తర్వాతే మాట్లాడింది.

“మా అమ్మ పోయేదాకా ఆశపడింది. నేను ఎప్పుడో మానేశాను. మానేసినదాన్ని మళ్ళీ లేపారు మీరు. నాన్న వస్తున్నాడని అమ్మ సమాధి దగ్గర చెప్పి వచ్చాను. ఇప్పుడు వెళ్ళి ఏం చెప్పాలి?”

టోంచౌ తన అమ్మ గురించి, పెద్దన్న గురించి చెప్పాడు. ఆమె మొత్తం విన్నది.

“మీ అమ్మకి ఎవరైనా ఎవరివో ఎముకలు తెచ్చి ఇచ్చి ఉంటే, తర్వాత ఆ సంగతి మీకు తెలిసి ఉంటే, మీరు ఊరుకునేవారా?”

టోంచౌ తల అడ్డంగా ఆడించాడు. వదిన ముందు కూడా అతను ఎప్పుడూ కంటతడి పెట్టలేదు. అక్కడ, కాని మనిషి ముందు, గుడ్లనీళ్ళు కుక్కుకుంటూ నిలబడ్డాడు.

“నేను కూడా ఫొటో చూసి సరేనన్నాను. గిన్నెని చేత్తో పట్టుకోకుండానే,” అంది లాంధోని. “తప్పు అతనొక్కడిదే కాదు.”

ఫుమియె ఆమె వైపు తిరిగింది. “ఆ అమ్మాయి ఎవరు?” అని అడిగింది.

లాంధోని అంగౌబి సంగతి చెప్పింది. సిపాయిలతో పోయిందన్న నింద దగ్గరకొచ్చేసరికి కెన్‌సుకె ఆగాడు. అత్త గట్టిగా ఏదో అంది. అతను ఆ మాట కూడా చెప్పేశాడు. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. అప్పుడు మాత్రం ఆమె కళ్ళు నిండాయి.

పోలీసులకి, ఊరి పెద్దలకి చెప్పవలసినవన్నీ చెప్పి, ఏటి ఒడ్డున దహనానికి ఏర్పాటు చేశారు. టోంచౌ చేయించిన పెట్టెలోనే అంగౌబి ఉంది. కట్టెలన్నీ అతనే మోశాడు. ఎవరూ అతన్ని రమ్మనలేదు, వద్దనీ అనలేదు. ఊళ్ళో నడవగలిగిన ముసలివాళ్ళంతా వచ్చారు. వాళ్ళలో చాలామందికి ఆ పేరు ఒక తిట్టుగానే తెలుసు.

చావోబా అనే ముసలాయన పట్టుబట్ట ఒకటి తెచ్చి పెట్టె మీద కప్పబోయాడు. ఇబేమ్‌హల్ అవ్వ అతని చెయ్యి పట్టుకుంది.

“మీ నాన్నే కదరా, కళ్ళతో చూశానని చెప్పింది. ఏం చూశాడు?”

తన పుట్టుకకి ముందు తండ్రి అన్న మాటకి చావోబా ఏం జవాబిస్తాడు? తల వంచుకుని అలాగే నిలబడ్డాడు. చివరికి అవ్వే చెయ్యి వదిలింది.

“కప్పు. చలిలో పడుంది ఇన్నాళ్ళూ.”

అప్పుడొచ్చింది ఫుమియె, మేనల్లుడి చెయ్యి పట్టుకుని. దూరంగా నిలబడి, అగరొత్తులు వెలిగించవచ్చా అని అడిగించింది. ఊరివాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. అవ్వ ఆమెను తేరిపార చూసింది.

“ఆ గిన్నె ఈవిడ నాన్నదేనా?”

“తెలీదు అవ్వా,” అంది లాంధోని. “ఎవరిదో ఎవరికీ తెలీదు.”

“ఎవడైతేనేం. మేమంతా పారిపోయాక, ఎవడో ఒకడు మా అక్కని గుంట తీసి పడుకోబెట్టాడు. ముఖాన మట్టి పడకుండా తను తినే గిన్నె బోర్లించి పోయాడు. రమ్మను.”

కెన్‌సుకె అది చెప్పాక ఫుమియె అగరొత్తులు పట్టుకుని కదిలింది. అవ్వే రెండడుగులు ముందుకొచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరు ముసలివాళ్ళూ ఒకరినొకరు ఆసరా చేసుకుని పెట్టె దాకా నడిచారు. నిప్పు అంటించేటప్పుడు అవ్వ, “అంగౌబీ!” అని కేక పెట్టింది. ఆ బక్క ఒంట్లోంచి అంత గొంతు వస్తుందని ఎవరూ అనుకోలేదు. అవతలి ఒడ్డున మేస్తున్న ఆవులు తలెత్తి చూశాయి.

విమానాశ్రయంలో ఫుమియె టోంచౌని దగ్గరకి పిలిచింది. క్షమించానని ఆమె అనలేదు, అతనూ అడగలేదు. “వెతకడం మానకండి,” అంది. “దొరక్కపోతే దొరకలేదని చెప్పండి. దొరకలేదన్న మాట నేను భరించగలను.”

స్నేహితులు అతన్ని చాలాకాలం దగ్గరకి రానివ్వలేదు. లాంధోని కూడా కొన్నాళ్ళు ముభావంగానే ఉంది. ఆ తర్వాత ఫొటో చూసి సరేననడం ఆమె పూర్తిగా మానేసింది. వస్తువు చేతికి రావాలి, మట్టితో సహా రావాలి. చలికాలం గడిచాక టోంచౌ ఒంటరిగా మళ్ళీ హైనౌ కొండ ఎక్కడం మొదలుపెట్టాడు. నెలకొకసారి ఆమె వసారాలో కూర్చుని జపాన్‌కి ఫోను చేస్తాడు.

“ఈ నెల కూడా ఏమీ దొరకలేదమ్మా,” అంటాడు.

అవతల కెన్‌సుకె గొంతు ఆ మాట చెప్పడం, ఆ తర్వాత ఒక ముసలి గొంతు ఏదో రెండు ముక్కలనడం లాంధోనికి వినిపిస్తాయి. ఆ రెండు ముక్కలకి అర్థం ఆమెకి ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. చెప్పినందుకు సంతోషం, ఉంటాను అని.